కొత్తవాడ మేడ మీద రష్యా ప్రదర్శన

ఆ రోజుల్లో మనిషికి మనిషితో మాట కలవాలంటే చేతికి గడియారం ఉంటే చాలని నా నమ్మకం. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, అప్పట్లో పదిమందిలో ఒక్కడి చేతికి గడియారం ఉండేది, మిగతా తొమ్మిదిమందీ వాణ్ణి టైమెంతయిందని అడిగేవాళ్ళు. బస్‌స్టాపులో, రేషన్ దుకాణం ముందు, కాజీపేట ప్లాట్‌ఫారం మీద ఎన్ని స్నేహాలు ఆ ఒక్క ప్రశ్నతో మొదలయ్యాయో లెక్కలేదు. నేను మొదటి జీతాలు కూడబెట్టి గడియారం కొన్నది అందుకే. కాకపోతే కొన్నది రష్యా గడియారం, అందులోనూ ఇరవై నాలుగు గంటల గడియారం. దాని చిన్నముల్లు రోజంతటికీ ఒక్కసారే చుట్టు తిరుగుతుంది. మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి అది తిన్నగా కిందికి చూస్తూ ఉంటుంది, అలవాటు లేని కళ్ళకు అది ఆరు గంటలు. ఎవరైనా పాపం టైమడిగితే నేను సంబరంగా చెయ్యి చాపి, దీన్ని అట్లా చూడకూడదు, పైన ఉన్నది ఇరవై నాలుగు, కింద ఉన్నది పన్నెండు, అని పాఠం మొదలుపెట్టేవాణ్ణి. పాఠం పూర్తయ్యేలోగా వాళ్ళ బస్సు వచ్చేసేది. (బస్సు రాకపోతే వాళ్ళే లేచి వెళ్ళి ఇంకొకరిని అడిగేవాళ్ళు.)

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. హన్మకొండలో ఒక సర్కారు ఆఫీసులో చిన్న గుమాస్తాని. మాది దేవరకొండ అవతల ఒక ఊరు. అమ్మా నాన్నా నా చిన్నతనంలోనే పోతే మేనమామ పెంచాడు, ఉద్యోగం కాగితం రాగానే ఇంకొకరి అవసరం లేకుండా ఆయనే నా ట్రంకుపెట్టె సర్ది బస్సెక్కించాడు. వరంగల్‌లో కొత్తవాడలో, జంపఖానాలు నేసే ఒక కాకా ఇంటి మేడ మీద నాకు గది దొరికింది. కింద మగ్గం, పైన నేను. కాకాకు అరవై దాటాయి. పొద్దున మగ్గం గుంటలో దిగితే చీకటి పడ్డాకే పైకి వచ్చేవాడు. నాతో ఆయన రోజుకు రెండే మాటలు మాట్లాడేవాడు: "నీళ్ళొచ్చినయ్, సారూ." అంతే. చిన్నమ్మ (ఆయన భార్యను నేను అలాగే పిలిచేవాణ్ణి) ఆ రెండు మాటలు కూడా మాట్లాడేది కాదు. పండగ పూట మెట్ల మీద ఒక గిన్నె పెట్టి మూతేసి వెళ్ళిపోయేది. ఖాళీ గిన్నె కడిగి మళ్ళీ అదే మెట్టు మీద పెట్టేవాణ్ణి. అది కూడా గది కిరాయిలో భాగమేమో అనుకునేవాణ్ణి, నా తెలివి అలాంటిది.

శనివారం సాయంత్రం ఆఫీసు తాళం వేస్తే సోమవారం పొద్దున తాళం తీసేదాకా నా గొంతు నాకే వినబడేది కాదు. ఒక్కోసారి సోమవారం ఆఫీసులో మొదటి మాట బొంగురుగా వచ్చి, పెద్ద గుమాస్తా "జలుబు జేసిందా" అని అడిగేవాడు. కాదండీ, వాడక లేక తుప్పు పట్టింది అని చెప్పలేను గదా.

అలాంటి ఒక ఆదివారం, ఎండకు తాళలేక, కాలేజీ గోడ పక్కన ఆగి ఉన్న రష్యా పుస్తకాల వ్యాను నీడలో నిలబడ్డాను. అందులో అమ్మే మనిషి నన్ను పిలిచి, కుర్చీ వేసి, ఇరవై నిమిషాలు మాట్లాడాడు. నా ఊరేదని అడిగాడు, ఉద్యోగమేమిటని అడిగాడు, అన్నం ఎక్కడ తింటావని కూడా అడిగాడు. అన్నం సంగతి అడిగిన మనిషి దగ్గర ఏమీ కొనకుండా ఎలా లేవడం? రెండు పుస్తకాలూ, చుట్ట చుట్టిన ఒక పెద్ద బొమ్మా కొన్నాను. ఆ బొమ్మలో గోధుమ చేను, ఒక ట్రాక్టరు, దాని చుట్టూ పదిమంది ఆడా మగా, అందరూ నవ్వు ముఖాలతో ఒకే వైపు చూస్తున్నారు. గదికి తెచ్చి గోడకు అంటించి మంచం మీద కూర్చుంటే, గదిలో పదిమంది ఉన్నట్టే అనిపించింది. వాళ్ళు చూసేది నా వైపు కాదు, కిటికీ వైపు, అయినా ఫరవాలేదు. ఒక సంగతి మీరెప్పుడైనా గమనించారో లేదో, రష్యావాళ్ళ ఆ ప్రచారం బొమ్మల్లో ఒంటరి మనిషి చాలా అరుదు. ఉన్నా వెనకాల ఊరంతా ఉంటుంది. ప్రపంచ కార్మికుల గురించి నాకేమీ తెలియదు, నేను వాటిని కొన్నది మనుషుల కోసం.

వ్యాను మళ్ళీ వస్తే మళ్ళీ కొన్నాను. రష్యా పత్రికకు చందా కట్టి, లోపలి రంగుల పేజీలు బ్లేడుతో కోసి తీశాను. (మా వాడకట్టు, అంటే ఆ నాలుగు వీధుల పిల్లలంతా ఆ నున్నటి కాగితాలు పుస్తకాలకు అట్టలేసుకునేవాళ్ళు. ఆ అట్టలు చూసినప్పుడల్లా నా ప్రాణం విలవిల్లాడేది.) తర్వాత వరంగల్ స్టేషన్ రోడ్డులో గడియారాలు బాగుచేసే ఘడియాల చాచా దొరికాడు. ఆయన అల్లుడికి విశాఖ రేవులో పని. ఓడల మీద వచ్చే రష్యావాళ్ళు సబ్బులకూ, చెప్పులకూ మార్పిడిగా ఇచ్చిన వస్తువులు ఆ అల్లుడి సంచిలో చాచా బల్ల మీదికి చేరేవి. చొక్కాకు పెట్టుకునే చిన్న చిన్న ఎనామిల్ బిళ్ళలు, రాకెట్ బొమ్మ ఉన్న సిగరెట్ డబ్బా, చివరికి నా గడియారం కూడా అక్కడిదే. దాన్ని నా చేతికి కడుతూ చాచా అన్న మాట ఇంకా గుర్తుంది. "బేటా, ఇది మామూలు ఘడీ కాదు. ఒక్క రోజుకు ఒక్కటే చక్కర్ కొడ్తది. తొందర లేని ఘడీ. నీ అసోంటి ఫుర్సత్ ఉన్నోనికే సరిపోతది."

ఒక రోజు చాచా సొరుగులోంచి ఒక వస్తువు తీశాడు. ఎర్ర మఖమల్ గుడ్డతో కుట్టిన ముక్కోణపు జెండా, గోడకు వేలాడదీసేది. పైన వెడల్పు, కిందికి కొస, అంచుల చుట్టూ బంగారు రంగు కుచ్చు, మధ్యలో నక్షత్రం. రష్యాలో బాగా పనిచేసిన ఫ్యాక్టరీకి ఇస్తారట. నా సేకరణకు కిరీటం దొరికిందనుకున్నాను. అయితే గదికి తెచ్చి గోడకు తగిలించి, వెనక్కి తిరిగి "ఎట్లుంది" అని అడుగుదామంటే అక్కడ ఎవరూ లేరు. సేకరించేవాడి కష్టం అదే. ఎన్ని వస్తువులున్నా చూపించడానికి ఒక్క మనిషి లేకపోతే అవి సామాను కిందికే లెక్క. ఆ రోజు నేను మంచం మీద కూర్చుని సిగ్గు విడిచి ఏడ్చాను. ఏడ్చాక బుద్ధి పుట్టింది. ఎవరూ రాకపోతే మనమే పిలవాలి. ఒక ఆదివారం మా గదిలో ప్రదర్శన పెట్టాలి, వాడకట్టంతా రావాలి, కనీసం ఒక్క మనిషైనా నా గదిలో కూర్చుని చాయ్ తాగి వెళ్ళాలి.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అవి ఎమర్జెన్సీ రోజులు. ఊళ్ళో ఏ గోడ చూసినా కుటుంబ నియంత్రణ వాళ్ళ గుర్తే, కొస కిందికి ఉన్న ఎర్ర ముక్కోణం. సర్కారు కొలువు చేసే ప్రతివాడూ ఆపరేషన్‌కు మనుషుల్ని ఒప్పించి తేవాలి, వాళ్ళను "కేసులు" అనేవాళ్ళు. కేసు తేకపోతే జీతం ఆగుతుందని ఒకరు, కొలువే ఊడుతుందని ఒకరు. ఉత్తరాన మగవాళ్ళను బస్సుల్లోంచి దింపి తీసుకుపోతున్నారనే కబుర్లు కాజీపేటలో ఆగే ప్రతి రైలూ మోసుకొచ్చేది. మా పెద్ద గుమాస్తా మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "నువ్వే ఇంక పోరనివి, నువ్వెవ్వరికి జెప్తవ్, వచ్చే యేడు చూద్దాం" అని నా పేరు పక్కన పెట్టేశాడు. దాంతో ఆ గొడవే నా బుర్రలోంచి పోయింది. నా పేరు పక్కన పెట్టిన సంగతి వాడకట్టుకు తెలియదు కదా, అదీ నాకు తట్టలేదు.

ప్రదర్శనకు పిలుపు రాయాలని కూర్చున్నాను. నాకు వచ్చిన తెలుగు ఆఫీసు తెలుగు. తెల్ల కాగితాలు ఆరు తీసుకుని, ఎర్ర సిరాతో అందంగా ఇలా రాశాను. "ఇందుమూలముగా కొత్తవాడ వాస్తవ్యులకు తెలియజేయునది. రాబోవు ఆదివారం ఉదయం పది గంటలకు ఎర్ర గుర్తు గల ఇంటి మేడ మీది గదికి పురుషులందరు తప్పక రావలెను." (బ్రహ్మచారి గదికి ఆడవాళ్ళను పిలవడం మర్యాద కాదు గదా.) "మెట్లు ఇరుకు గనుక ఒక్కొక్కరినే లోపలికి పంపబడును. పది నిమిషముల కన్న ఎక్కువ పట్టదు. భయపడవలసిన పని లేదు." (ఆ మాట మెట్ల గురించి. మూడో మెట్టు కదిలేది.) "వచ్చిన ప్రతి ఒక్కరికి బహుమతి ఇవ్వబడును." బహుమతి అంటే ఎనామిల్ బిళ్ళ. కింద నా సంతకం, సంతకం కింద నా హోదా. అలవాటు కొద్దీ రబ్బరు ముద్ర కూడా కొట్టబోయాను గానీ అది ఆఫీసులో ఉండిపోయింది. కాగితాలు వాడకట్టు నాలుగు మూలలా, చాయ్ హోటల్ దగ్గరా, నల్లా దగ్గరా అంటించాను. చివరగా మేడ మీద నా గది తలుపుకు, కింద దారిన పోయేవాళ్ళకు కూడా కనబడి గుర్తుగా ఉంటుందని, ఆ ఎర్ర మఖమల్ ముక్కోణం కొస కిందికి వచ్చేట్టు వేలాడదీశాను.

చదువుతున్న మీకు అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు.

రెండు రోజులు వాడకట్టులో నన్ను చూసే చూపులు మారాయి. నేను నడుస్తుంటే మగ్గాలు ఆగేవి. చాయ్ హోటల్లో నేను కూర్చున్న బెంచీ మీద నుంచి ఇద్దరు లేచి నిలబడి తాగారు. నా ప్రదర్శన మీద ఎంత ఆసక్తి, అనుకుని పొంగిపోయాను. శనివారం స్టేషన్ రోడ్డుకు వెళ్ళి చాచాను కూడా పిలిచాను, నా సేకరణ సగం నీ చలవే, నువ్వు ముందు కూర్చోవాలి అన్నాను. చాచాకు ఎనిమిదిమంది సంతానం, నా చీటీల కబురు అక్కడికీ చేరినట్టుంది. ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే, "బేటా, రేపు నా తబియత్ జర బాగుండదు" అన్నాడు. రేపటి తబియత్ ఇవాళే ఎలా తెలిసిందని నేను అడగలేదు. మనసు మాత్రం చివుక్కుమంది.

ఆదివారం పొద్దున్నే లేచి గదీ, మెట్లూ ఫినాయిల్ వేసి కడిగాను. బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, దాని మీద బిళ్ళలూ, గడియారం, రాకెట్ డబ్బా వరసగా పేర్చాను. గోడల మీద బొమ్మలు, వాటి మధ్య పెద్దది, ఒక తల్లీ ఒకే ఒక బొద్దు పిల్లవాడూ, పక్కన తెల్లకోటు డాక్టరమ్మ. స్టవ్ మీద నీళ్ళు మరగబెట్టాను. తెల్లచొక్కా తొడుక్కుని, వచ్చినవాళ్ళ పేర్లు రాయడానికి ఒక పుస్తకం గళ్ళు గీసి సిద్ధం చేసుకున్నాను. క్రమసంఖ్య, పేరు, వయసు, వృత్తి, సంతకం లేక వేలిముద్ర, అభిప్రాయం. ఆపైన కిటికీ దగ్గర కూర్చున్నాను.

పది అయింది. (నా గడియారంలో చిన్నముల్లు మామూలు గడియారంలో ఐదు ఉండే చోట ఉంది. అప్పటికి నాకు అలవాటైపోయింది.) కింద వీధిలో ఇద్దరు మగవాళ్ళు భుజాన తువ్వాలతో గబగబా పోతున్నారు. పైనుంచి పలకరిస్తే తలెత్తకుండానే, ధర్మసాగర్‌లో చుట్టం పోయిండని చెప్పి మలుపు తిరిగారు. పావుగంటకు ఇంకో నలుగురు. వాళ్ళ చుట్టం కూడా ధర్మసాగర్‌లోనే పోయాడు. ఎదురింటాయన స్టేషన్ ఘన్‌పూర్ పోతున్నానన్నాడు, ఎందుకో చెప్పలేదు, సైకిలు మాత్రం నిలబడి తొక్కాడు. పదకొండు కల్లా కొత్తవాడలో మా సందులో మగపురుగు లేదు. ఆదివారం కూడా ఆగని మగ్గాలు ఆ రోజు ఆగిపోయాయి. ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి మా మేడ వైపు చూసి, నేను చూడగానే లోపలికి పోతున్నారు. మరిగిన నీళ్ళు మళ్ళీ చల్లారాయి.

ఆ గంట ఎలా గడిచిందో ఇప్పుడు తమాషాగా చెబుతున్నాను గానీ, అప్పుడు తమాషా కాదు. ఊరంతా కలిసి నన్ను వెలివేసిందనిపించింది. నా గదిలోకి రావడం కన్నా చచ్చిన చుట్టం దగ్గరికి పోవడమే నయమనుకున్నారు. గోడల మీద నవ్వుతున్న వాళ్ళందరినీ చూస్తే ఒళ్ళు మండింది. బిళ్ళలు ఒక్కొక్కటే డబ్బాలో వేయడం మొదలుపెట్టాను. సోమవారమే పెద్ద గుమాస్తాను అడిగి ఏ ఊరికైనా బదిలీ పెట్టించుకోవాలనుకున్నాను.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కదిలే మూడో మెట్టు దగ్గర ఆగి, మళ్ళీ మొదలైంది. తలుపు దగ్గర కాకా. తలంటు పోసుకున్నాడు. ఉతికిన ధోవతి, పెళ్ళిళ్ళకు తప్ప తొడగని తెల్ల అంగీ, నుదుట బొట్టు. పద్నాలుగు నెలల్లో ఆయన మేడ మెట్లెక్కడం అదే మొదటిసారి. తలుపు మీది ముక్కోణం చూసి ఒక్క క్షణం కళ్ళు మూసుకుని లోపలికి వచ్చాడు.

నా ఆనందం ఏం చెప్పను. కుర్చీ వేశాను. చాయ్ పెడతానన్నాను.

"వద్దు బిడ్డా. పొట్ట ఖాళీగ ఉండాలంటరుగద."

సారూ పోయి బిడ్డా వచ్చింది, నాకు అదే వినబడింది. ఏదో ఒక్కపొద్దేమో అనుకున్నాను. పుస్తకం తెరిచి, క్రమసంఖ్య ఒకటి వేసి, పేరు రాసి, వయసడిగాను. అరవై మూడన్నాడు. వృత్తి నేత. సంతకమా, వేలిముద్రా అంటే, "సంతకం వస్తది గని ముద్రయితె ఎవ్వరు కాదనరు, ముద్రే ఏపిచ్చుకో" అన్నాడు. అభిప్రాయం గడి ఆయన అన్నీ చూశాక నింపొచ్చు, కానీ నాకు ఓపిక లేదు.

"ఇక్కడ ఏం రాయాలె కాకా?"

"నా ఇష్టంతోనే వచ్చిన, ఎవ్వరు జబర్దస్తి చెయ్యలే. గట్ల రాయి."

ఒక ప్రదర్శనకు ఇంతకన్నా గొప్ప మెచ్చుకోలు ఉంటుందా అనుకుంటూ గుండ్రటి అక్షరాలతో రాశాను. తర్వాత ఒక్కో బొమ్మా చూపించి వివరించాను. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేను చూపిన వైపల్లా బుద్ధిగా చూశాడు. తల్లీపిల్లవాడి బొమ్మ దగ్గర తలూపి, "తెలుసు తెలుసు" అన్నాడు. గడియారం చూపిస్తే, "ఎంతసేపు పడ్తది" అని మాత్రం అడిగాడు. ఒక్క చోట మనిషి కాస్త కదిలాడు. అది బట్టల మిల్లులో పనిచేసే అమ్మాయి బొమ్మ, ఎర్ర రుమాలు కట్టుకుని, తెగిన దారాన్ని రెండు చేతులతో అతుకుతూ మన వైపు చూసి నవ్వుతుంటుంది.

"ఈ పిల్ల దారం అతుకుతాందా?"

"అవును కాకా."

"అతికేటోళ్ళు దారం దిక్కు చూస్తరు. ఈమె మన దిక్కు చూస్తాంది. గట్ల అతికితె ముడి నిలవది." బొమ్మ దగ్గరికి వంగి, "తెగిన దారం దగ్గర నవ్వేటోళ్ళను నేను చూడలె" అన్నాడు.

నేను అన్నీ చూపించడం అయిపోయాక ఆయన లేచి అంగీ సర్దుకున్నాడు. "అయిపాయెగద బిడ్డా. ఇగ పోదమా?"

"ఎక్కడికి కాకా?"

"దవాఖానకు."

నాకు అర్థం కాలేదు. ఎవరికి బాగలేదని అడిగాను. ఆయన తలుపు మీది ముక్కోణం వైపు గడ్డంతో చూపించి, నేల చూపులు చూస్తూ చెప్పాడు. "కేసు దొరకకుంటే నీ కొలువు పోతదని అంటాండ్లు. మావోళ్ళందరు భయపడి పోయిండ్రు, వాళ్ళను ఏమనకు, పిల్లలు గల్లోళ్ళు. నీకా అవ్వ లేదు, అయ్య లేడు, కొలువు పోతె యాడికి పోతవు? నిన్న మీ చిన్నమ్మ, నేను మాట్లాడుకున్నం. నాకెట్లయినా వయసు అయిపాయె. నా పేరు పెట్టుకో." తలెత్తి, గొంతు తగ్గించాడు. "ఒక్కటే ఫికరు. పిల్లలు లేనోళ్ళను పట్టరంట గద. ముగ్గురున్నరని రాయి. నేను సుత గట్లనే చెప్త."

ఆ ఇంట్లో పిల్లలు లేరని నేను తెలుసుకున్నది అప్పుడు. పద్నాలుగు నెలలు వాళ్ళ నెత్తి మీద నడిచాను, కింద ఎంతమంది ఉంటారో ఎప్పుడూ చూడలేదు.

నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు, కింద చిన్నమ్మకు వినబడేంత. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే అది ఏడుపు కిందికి తిరిగింది, అదీ ఆపుకోలేకపోయాను. కాకా కంగారుపడి, నొప్పి లేకుండా చేస్తరంటగద, నువ్వెందుకు ఏడుస్తవని నన్నే ఓదార్చాడు. కాసేపటికి కుదుటపడి ఉన్న సంగతి చెప్పాను. ఇది కేసుల కోసం కాదని, నా కొలువుకు ఏమీ కాదని, ఈ ముక్కోణం రష్యాదని. ఆయన నమ్మడానికి చాలాసేపు పట్టింది.

"మరి ఇయ్యన్ని ఎందుకు పెట్టినవ్?"

"ఎవరన్న వస్తరని."

"వచ్చి?"

"వచ్చి ఏం లేదు కాకా. వస్తరని, అంతే."

కాకా అంగీ చేతులు పైకి మడుచుకున్నాడు. "గంత దానికి చీటీలెందుకు అంటిచ్చినవ్ బిడ్డా. మెట్లు దిగి వస్తె అయిపోవు గద" అన్నాడు. అని, కుర్చీలో మళ్ళీ కూర్చుని, పొద్దటినుంచి పస్తున్న, ఆ చాయేదో ఇటియ్యమన్నాడు.

సాయంత్రానికి ధర్మసాగర్ చుట్టాలందరి అంత్యక్రియలూ పూర్తయ్యాయి. చిన్నమ్మ ద్వారా కబురు పాకి, మగవాళ్ళు ఒక్కొక్కరే మా మెట్ల దగ్గర తచ్చాడారు. బొమ్మలు చూస్తామని ఎవరూ అనలేదు. "బహుమతి ఏందో ఉన్నదట" అన్నారు. అందరికీ బిళ్ళలు పంచాను. మర్నాటి నుంచీ కొత్తవాడలో సగం మంది చొక్కాల మీద రష్యా రాకెట్లూ, నక్షత్రాలూ మెరిశాయి. ఒకాయన దాన్ని దుకాణం తాళపుచెవికి తగిలించుకున్నాడు. నా సేకరణలో మంచివి అలా పోయాయి, నాకు ఒక్కటి కూడా బాధ అనిపించలేదు.

ఆ పూట చిన్నమ్మ గిన్నె మెట్టు మీద పెట్టలేదు. కిందికి పిలిచి, మగ్గం పక్కన పీట వేసి, తలకాయ కూరతో అన్నం పెట్టింది. కాకా ఇంత తిని, బయట అరుగు మీద బీడీ వెలిగించుకోవడానికి పోయాడు. అప్పుడు చిన్నమ్మ, అంతకాలం దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే మాట్లాడింది. "నిన్నటి సంది మగ్గం మీద ఒకటే గునుగుడు. దవాఖానల పిల్లల పేర్లు అడుగుతరేమో, చెప్పకుంటె దొరికిపోతనని, ముగ్గురి పేర్లు అనుకొని పెట్టుకున్నడు. పెద్దోనికి వాళ్ళ నాయిన పేరు. నడిపోనికి సచ్చిపోయిన వాళ్ళన్న పేరు." నా కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. "మూడోది ఏంది అంటె చెప్పడు. నేను గట్టిగ అడిగితె, నీ పేరు చెప్పిండు."

ఆ అన్నం ఎలా తిన్నానో నాకు గుర్తు లేదు. బదిలీ మాట పెద్ద గుమాస్తా దగ్గర ఎత్తనే లేదు, ఇంకా ఆరేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాను. కిందికి వెళ్ళడానికి నాకు సాకు ఏదీ అక్కర్లేకపోయింది.

ఇప్పుడు మేమెరిగిన ఆ రష్యా లేదు. పాత సరుకుకు ఈమధ్య గిరాకీ పెరిగిందని, నా దగ్గర మిగిలినవి చూడటానికి ఎక్కడెక్కడివాళ్ళో వస్తుంటారు. అరుదైనది ఏదండీ అని అడుగుతారు. ఏదో ఒకటి చూపించి పంపిస్తాను. వాళ్ళు వెళ్ళాక అద్దం ముందు నిలబడితే ఆ తెల్లచొక్కా కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎక్కడో గోధుమ చేలల్లో నవ్వేవాళ్ళ కోసం గోడలన్నీ నింపుకున్నాడు గానీ, తన కాళ్ళ కిందనే ఒక ముసలాయన తనను మూడో కొడుకుగా రాయించుకోవడానికి తలంటు పోసుకుంటున్నాడని తెలియలేదు. పాపం, ఇరవై రెండేళ్ళవాడు. వాడిని నేనేమీ అనను.